గంట ఆగాల్సిన క్రీము

నేను ఏలూరులో ఒక ఆసుపత్రి పిల్లల వార్డులో నర్సును. కొల్లేటి లంక నుంచి వచ్చిన ఏడేళ్ల పాప టైఫాయిడ్‌తో నాలుగు రోజులుగా మా దగ్గరే ఉంది. ఈ రోజు మధ్యాహ్నం సెలైన్ సూది ఉన్న చెయ్యి వాచిపోయింది. రెండో చేతికి కొత్త సూది పెట్టాల్సి వచ్చింది.

చర్మం మొద్దుబారే క్రీము రాసి, "ఇక నొప్పుండదమ్మా" అని మాటిచ్చాను. అది పనిచేయడానికి గంట పడుతుంది. ఇరవై నిమిషాలకే వార్డుకి ఇంకో ఇద్దరు పిల్లలు వచ్చారు. పాప ఇంజక్షన్ వేళ కూడా మించిపోతోంది. ఈపాటికి మొద్దుబారే ఉంటుందిలే అనుకుని క్రీము తుడిచేసి గుచ్చాను. మొదటిసారి నరం దొరకలేదు. రెండోసారికి దొరికింది.

పాప గట్టిగా ఏడవలేదు. కళ్లు తుడుచుకుని, "నొప్పుండదన్నారు కదండీ?" అంది.

"తొందరపడ్డానమ్మా. ఇంకాసేపు ఆగాల్సింది."

"నేను ఆగేదాన్నేనండీ."

పక్కనే కూర్చున్న వాళ్ల అమ్మమ్మ, "సిస్టరు గారితో అలా మాట్లాడకూడదు" అని కోప్పడింది. దాంతో నాకు ఇంకా సిగ్గేసింది.

సాయంత్రం జ్వరం చూద్దామని వెళితే పాప రెండు చేతులూ దుప్పటి కిందకు లాక్కుంది. థర్మామీటర్ చూపించినా నమ్మలేదు. చివరికి వేరే సిస్టర్ వచ్చి చూసింది.

ఇప్పుడు తాడేపల్లిగూడెం బస్సులో కూర్చుని ఇది రాస్తున్నాను. సూది గుచ్చడంలో నా చెయ్యి తేలికని వార్డులో అందరూ అంటారు. ఈ రోజు నుంచి అలా అనేవాళ్లలో ఒకరు తగ్గారు. మీరూ ఎప్పుడో ఒకప్పుడు నొప్పుండదని చెప్పి పిల్లలకు సూది వేయించే ఉంటారు. వాళ్లు మళ్లీ మీ మాట నమ్మడానికి ఎన్నాళ్లు పట్టిందండీ?