ఓడ మొత్తానికి మొక్కు

ఎల్‌బీ నగర్‌లో నేనుండే ఇంట్లో, మెట్ల కింద నా స్కూటర్ పెట్టుకోవాల్సిన చోట ఒక మేకపోతు ఉంటుంది. నా మనీ ప్లాంటు, రెండు దినపత్రికలు, కొత్త లుంగీ అంచు దాని పొట్టలోకే పోయాయి. ఓనర్‌కి చెబితే నవ్వుతాడు. అది పై వాటా సాయమ్మది. మెట్రో స్టేషన్ దగ్గర ఇడ్లీ బండి నడుపుతుంది. నోరు పెద్దది, చెయ్యి కూడా పెద్దదే. చట్నీ ఎన్నిసార్లు అడిగినా పోస్తుంది.

ఆమె కొడుకు యోగేందర్ సరుకుల ఓడలో వంటవాడు. నిరుడు ఎర్ర సముద్రంలో, ఎవరి యుద్ధమో ఏమో, క్షిపణి వచ్చి ఆ ఓడకు తగిలింది. ఓడ మునుగుతోందని టీవీలో చూడగానే సాయమ్మ మైసమ్మకు యాటను, అంటే ఈ మేకపోతునే, మొక్కింది. "ఓడల ఉన్నోళ్లందరు ఒడ్డుకు రావాలె తల్లీ" అంది. ఆ కంగారులో కొడుకు పేరు విడిగా చెప్పనే లేదు.

యోగేందర్ కాస్త నల్లబడి తిరిగొచ్చాడు. రెండు పడవల్లోకి దిగామనీ, ఇంకో ఓడ వచ్చి ఎక్కించుకుందనీ, పడవలో కూడా అందరూ తననే తినడానికేముందని అడిగారనీ నవ్వుతూ చెప్పాడు. సనాతన్ మాట వచ్చేసరికి నవ్వు ఆగిపోయింది. ఇంజన్ గదిలో పనిచేసే ఒడిశా కుర్రాడు. అవతలి పడవలో ఉన్నాడని వీళ్లు, వీళ్లతో ఉన్నాడని వాళ్లు అనుకున్నారు. ఇప్పటికీ జాడ లేదు.

దాంతో మొక్కు ఆగింది, చుట్టాల దావత్ కూడా ఆగింది. మొన్న ఆదివారం సాయమ్మ బావగారు అంతయ్య, యాటను కోసేవాణ్ణి వెంటబెట్టుకొని దిగాడు.

"నీ కొడుకొచ్చిండు గద. ఇంకేంది?"

"అందరికని మొక్కిన బావా. ఒక్కడు రాలే."

"ఎన్ని దినాలు జూస్తవ్?"

నేనూ అంతయ్య పక్షమే మాట్లాడాను. అంతలో సాయమ్మ ఫోన్ మోగింది. వీడియో కాల్‌లో సనాతన్ తల్లి. ఇద్దరూ వచ్చీరాని హిందీలో రోజూ మాట్లాడుకుంటారట. ఆమె బాగున్నారా అని కూడా అడగలేదు. మేకను చూపించమంది.

సాయమ్మ ఫోన్ దాని మూతి దగ్గర పెట్టింది. అది నములుతూనే తెర నాకబోయింది. అవతల ఆ తల్లి దాన్ని తనివితీరా చూసుకుని, కళ్లు తుడుచుకుని ఫోన్ పెట్టేసింది.

"గిది ఉన్నన్ని దినాలు కొడుకు మీద ఆశ ఉంటదంటది" అంది సాయమ్మ.

అంతయ్య కోసేవాణ్ణి పొమ్మని చెయ్యూపి, మెట్ల మీద కూలబడ్డాడు.

"దీనికి నీళ్లు పెట్టినవా?" అన్నాడు.