ఆడవాళ్ళ వైపు ఫ్యాను

నా చిన్నప్పుడు ఒక శనివారం మధ్యాహ్నం చర్చిలో మా గిటారు మాస్టరు నా ఒళ్ళోంచి గిటారు తీసి సంఘ పెద్ద కొడుకు ఒళ్ళో పెట్టాడు. "కాసేపు నువ్వు పట్టుకో నాయనా" అన్నాడు. ఆ పిల్లవాడికి దాన్ని ఎటు తిప్పి పట్టుకోవాలో కూడా తెలియదు. మాస్టరు మాత్రం వాడి వెనక నిలబడ్డ తండ్రిని చూసి వినయంగా నవ్వాడు. గిటారు ఇక నా చేతికి రాదని అప్పుడే తెలిసింది.

మాది కొమరోలు దగ్గర పల్లె. అమ్మా నాయనా కూలికి పోయేవాళ్ళు. బెంగళూరులో పని చేసుకుంటున్న మా ఊరివాళ్ళు ఆ గిటారును చర్చికి కానుకగా పంపారు. నేర్పడానికి మార్కాపురం నుంచి మాస్టరు శనివారాలు బస్సు దిగేవాడు. చర్చి లోపల కూడా నల్ల కళ్ళద్దాలు తీసేవాడు కాదు. ఆయనకు వచ్చింది ఒకటే దరువు. ఏ పాటనైనా అందులోనే వేసి ఉతికి, దాన్ని 'వెస్టర్న్' అనేవాడు. మా ఊరి ఆడవాళ్ళు సాగదీసి పాడే పాత కీర్తనలు ఆయన దృష్టిలో ఏడుపు పాటలు. తీగలు వేళ్ళు కోస్తున్నాయని మగపిల్లలు ఒక్కొక్కరే మానేశారు. సెలవుల్లో పత్తి తీసి తీసి నా వేళ్ళు ముందే మొద్దుబారాయి కాబట్టి నేను మిగిలాను.

క్రిస్మస్ దగ్గరపడింది. పండగరోజు చర్చిలో గిటారు ఎవరు వాయిస్తారన్నదే ఆ శనివారం వచ్చిన గొడవ. మా చర్చిలో మగవాళ్ళు ఒకవైపు, ఆడవాళ్ళు ఒకవైపు చాపల మీద కూర్చుంటారు. కరెంటు ప్లగ్గు, గిటారు వైరు తగిలించే స్పీకరు డబ్బా మగవాళ్ళ వైపు గోడ దగ్గర ఉండేవి.

"ఆడపిల్ల మొగోళ్ళ మధ్యన కూర్చోని వాయిస్తే ఏం బాగుంటది అమ్మగారూ" అన్నాడు సంఘ పెద్ద, మా పాస్టరుగారి భార్యతో. "పోనీ ఆ పక్కనే కూర్చోమందామంటే వైరు అందదు. నన్నేం చేయమంటారు?"

ఎవరికీ తట్టని కారణం తనొక్కడే కనిపెట్టినట్టు మీసం దువ్వుకున్నాడు. "కరెక్టు సార్" అన్నాడు మాస్టరు. మా నాయన తలుపు దగ్గర నిలబడి నేల చూస్తున్నాడు. సంఘ పెద్ద పొలంలోనే నాయనకు పని. పాస్టరమ్మ "నిజమే గదా" అని లోపలికి వెళ్ళిపోయింది. ఆ ఇద్దరి మీదకన్నా ఆమె మీదే నాకు ఎక్కువ కోపం వచ్చింది.

చర్చికి ఏదైనా ఇచ్చినవాళ్ళు దాని మీద పేరు రాయించుకోవడం మా దగ్గర అలవాటు. సంఘ పెద్ద పేరు గోడ గడియారం మీద, ఇనుప బీరువా మీద, చివరికి చెప్పులు విడిచే చోట ఉన్న బండ మీద కూడా ఉండేది. తరువాతి ఆదివారం ఆరాధన అయ్యాక, అందరికీ వినబడేలా పాస్టరమ్మ ఆయనతో మాట కలిపింది.

"పెద్దయ్యా, ఆడోళ్ళ పక్క ఫ్యాను లేదు. పండక్కి చుట్టుపక్కల ఊళ్ళోళ్ళందరూ వస్తారు. పొదిలి నుంచి మా అన్న ఇస్తానంటున్నాడు. మీతో ఒక మాట చెప్దామని."

"మీ అన్న ఎందుకమ్మా, నేను చచ్చినానా?"

డిసెంబరు చలిలో ఫ్యాను ఏం చేసుకుంటారని ఆయనకు తట్టలేదు. ఇంకొకరి పేరు పడుతుందన్న భయంలో తెలివికి చోటుండదు. పండగకు ముందే ఫ్యాను వచ్చింది. మూడు రెక్కల మీదా ఆయన ఇంటిపేరు, ఆయన పేరు, వాళ్ళ నాయన పేరు ఎర్ర రంగులో మెరిశాయి. తిరిగితే అక్షరాలు కనబడవని ఆయనే స్విచ్చి వేయనివ్వలేదు. ఆడవాళ్ళ వైపు గోడకు స్విచ్చి బోర్డు బిగిస్తున్న కరెంటు అబ్బాయితో పాస్టరమ్మ, "పన్లో పని, ప్లగ్గు కూడా ఒకటి పెట్టు నాయనా" అంది.

క్రిస్మస్ పొద్దున స్పీకరు డబ్బా ఆడవాళ్ళ వైపు ఉంది. పాస్టరమ్మ గిటారు తెచ్చి నా ఒళ్ళో పెట్టి వైరు తగిలించింది. సంఘ పెద్ద లేచి నిలబడ్డాడు.

"ఏంది అమ్మగారూ ఇది?"

"మీరే గదా పెద్దయ్యా, వైరు అందదని బాధపడింది. మీ దయ వల్ల అందింది. మీ ఫ్యాను గురించి ఇప్పుడే అందరికీ చెప్పమంటారా, ఒక పాట అయినాక చెప్పమంటారా?"

జనమంతా తలలెత్తి రెక్కల మీద పేరు చదువుతున్నారు. "పాట అయినాకే చెప్పండి" అని ఆయన కూర్చున్నాడు. మాస్టరు మొదటిసారి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

ఆడవాళ్ళు పాత కీర్తన ఎత్తుకున్నారు. నేను మాస్టరు దరువు అందుకుని పాట కన్నా నాలుగు అడుగులు ముందుకు పరిగెత్తి, వెనక ఎవరూ లేక ఆగిపోయాను. వాళ్ళు తమ పాటికి తాము పాడుతున్నారు. ఉతకడం మానేసి, వాళ్ళు ఊపిరి తీసుకునే చోట ఒక్కో తీగ మీటాను. ఆ శబ్దం వాళ్ళ గొంతుల కింద సన్నగా సాగి, తరువాతి మాట దాకా నిలిచింది. సంగీతం అంటే ఇది గదా అనిపించింది. ఇప్పటికీ నాకు నచ్చేది అట్లాంటి పాటే, తొందర లేనిది, గొంతుకు చోటిచ్చేది. మాస్టరు మాత్రం ఈనాటికీ అదే దరువు వాయిస్తున్నాడని విన్నాను.

ఇప్పుడు మేం గిద్దలూరులో ఉంటున్నాం. నిన్న సాయంత్రం మా పాప బడి నుంచి మొహం వేలాడేసుకుని వచ్చింది. వార్షికోత్సవంలో గిటారు మగపిల్లలు వాయిస్తేనే స్టేజీకి అందమని వాళ్ళ సారు అన్నాడట. "నువ్వొచ్చి సార్‌ని అడగమ్మా" అంది. నాకు రాత్రి నిద్ర పట్టలేదు. అడిగితే పాప మీద కక్ష కడతారేమో, అడగకపోతే పాప మానేస్తుందేమో. ఎంత చిన్న మనిషినైనా మనం అనుమతి అడిగిన క్షణమే పెద్దవాణ్ణి చేస్తామని, పాస్టరమ్మ నా కోసం ఒక్కసారి కూడా అనుమతి అడగలేదని, తెల్లవారబోతుండగా గుర్తుకొచ్చింది.

పొద్దున పాపకు జడ వేస్తూ, పక్కన ఇడ్లీ తింటున్న దాని తమ్ముడికి కూడా వినబడేలా చెప్పాను. "ఒక పిల్ల వాయించొచ్చా లేదా అని పెద్దోళ్ళు మాట్లాడుకుంటా ఉంటే, అక్కడ నిలబడి వినబాకండి. పోయి మొదలుపెట్టండి. వాళ్ళ మాటలు తెమిలే లోపల పాట అయిపోవాల."