కంచె లోపలి సీతాఫలాలు

గౌరి పండగ ఇంకా వారం ఉందనగా, బెంగళూరులో కొత్తగా ఉద్యోగంలో చేరిన మా మనవరాలు నా ఫోనుకు ఒక గిఫ్ట్ కార్డు పంపింది. కార్డంటే చేతికి అందేది కాదు, ఎర్ర రిబ్బను కట్టిన పెట్టె బొమ్మ. దాన్ని నొక్కితే ఏదో అంగడి తెరుచుకుంటుందట, నచ్చినది కొనుక్కోవచ్చట, ఫలానా తేదీ దాటితే మాత్రం చెల్లదట. ఆ చివరి మాట విన్నప్పటి నుంచి నాకు రెండు భయాలు పట్టుకున్నాయి. నొక్కితే నా పింఛను ఎటు కొట్టుకుపోతుందో అని ఒక భయం, నొక్కకపోతే పిల్ల కష్టార్జితం మట్టిపాలవుతుందని ఇంకో భయం. చివరికి ఫోనును మంచం మీద బోర్లా పెట్టి, అది లేచి వెంటపడుతుందేమోనన్నట్టు వెనక్కి చూసుకుంటూ వచ్చి అరుగు మీద కూర్చున్నాను. నా ఈడు వాళ్ళు నవ్వరనే నమ్మకంతో ఈ సంగతి రాస్తున్నాను.

అలాగని నన్ను పిరికివాడనుకోకండి. వయసులో ఉన్నప్పుడు నాగలమడిక ఏటి ఇసుకలో గొర్రెలు తోలుకొస్తుంటే ఎదురుపడిన ఎలుగుబంటిని దుడ్డుకర్ర ఒక్కటే పట్టుకుని కొండ ఎక్కేదాకా తరిమినవాణ్ణి నేను. సరే, తరమలేదు. అది తన దారిన పోతుంటే నేను నా దారిన పరుగెత్తాను, మధ్యలో దుడ్డుకర్ర కూడా పారేశాను. నిజానికి అది ఎలుగుబంటో, ఎవరిదైనా నల్లదూడో నిలబడి చూసే తీరిక కూడా నాకు లేకపోయింది. కానీ ఇప్పుడు చెప్పబోయే భయం అలాంటిది కాదు. అది మా అక్క వల్ల పుట్టిన భయం.

మా అక్కను నాగలమడిక దగ్గరి ఊరికి ఇచ్చారు. మా వైపు వినాయక చవితి ముందునాడు వచ్చే గౌరి పండక్కి పుట్టింటివాళ్ళు ఆడబిడ్డకు చేట నింపి తీసుకుపోతారు, దాన్ని బాగినం అంటాం. మా ఇంట్లో దానికొక కట్టుబాటు ఉండేది. గాజులు, పసుపు కుంకుమలు తప్ప చేటలో తక్కినదేదీ అంగడిది కాకూడదు, మన చేతిదో మన చేనిదో అయివుండాలి. కాబట్టి మా అమ్మ శ్రావణం పుట్టింది మొదలు ఆలోచనలో పడేది, కూతురికి ఈ ఏడు ఏం కావలసి ఉంటుందా అని. అక్క చంటిబిడ్డ తల్లిగా ఉన్న ఏడాది పాతచీరలు ఏరి మెత్తటి బొంత కుట్టింది, అక్క అత్తకు కీళ్ళు పట్టేసిన ఏడాది మా గొర్రెల ఉన్నితో మోకాళ్ళకు పట్టీలు అల్లించింది. ఖర్చు ఏమీ లేదు, ఆలోచనే అంతా. ఇక ఏ ఏడు ఏమున్నా లేకున్నా మా చేని గట్టు మీది సీతాఫలాలు మాత్రం తప్పనిసరి. కళ్ళు విచ్చుకున్న కాయలు చూసి కోసి రాగుల కడవలో దాస్తే పండగ నాటికి మెత్తబడేవి. వానలు మొహం చాటేసిన ఒక ఏడు చేటలో సీతాఫలాలు తప్ప ఇంకేమీ లేవు. అక్క ఆ చేటనే నెత్తిన పెట్టుకున్నంత సంబరంగా అత్తింటి ఆడవాళ్ళందరికీ చూపించింది. అమ్మ పోయాక చేట మోసే పని నాదైంది.

తర్వాత ఎండతో కరెంటు తీసే పలకలు పరవడానికి సోలార్ పార్కు వచ్చింది, మా చేను దానికి కౌలుకు పోయింది. అక్కకు ఒక మాట చెప్పి సంతకం పెట్టి ఉండవలసింది, పెట్టాక చెప్పాను. కౌలు డబ్బు చేతికొచ్చిన కొత్తలో నాకు కొమ్ములు మొలిచాయి. చేట మానేసి రెండు పండగలకు కవరులో నోట్లు పెట్టి ఇచ్చాను, మూడో పండక్కి వై.ఎన్.హొసకోటలో మిక్సీ కొని అట్టపెట్టెతో సహా బస్సులో ఒళ్ళో పెట్టుకుని పోయాను. అక్క పెట్టె కేసి చూసింది, నా కేసి చూసింది, దాన్ని గుమ్మం లోపలికి తేనివ్వలేదు. "పుట్టింటి చేట తెస్తావనుకుంటే బజారు తెచ్చినావు. ఇంకో ఏడు ఇట్లనే తెస్తే నాకు పుట్టిల్లు లేదనుకుంటా, నువ్వూ అక్క లేదనుకో" అంది. కోపంగా అరిచి ఉంటే బాగుండేది. మెల్లగా, పక్కింటివాళ్ళకు వినిపించకుండా అంది. నాకు అమ్మా నాన్నా పోయాక మిగిలిన పెద్దదిక్కు ఆమె ఒక్కతే, ఆ మాటకు పెట్టెను గుమ్మం బయటే దించేశాను. అంతలో, గట్టు మీది చెట్టు కూడా కొట్టేశారా అని అడిగింది.

అక్కడ నా నోరు ఊరుకోలేదు. ఎట్లా కొడతారక్కా, ఇంజనీరును నిలబెట్టి మాట్లాడాను, నా మాటకు పలకల వరుసనే పక్కకు తిప్పించాడు, చెట్టు మహారాణిలా మధ్యలో ఉంది, వచ్చే పండక్కి పండ్లు తెస్తాను అని చెప్పేశాను. ఇంజనీరును నేను కంచె బయటి నుంచి, అదీ అతను జీపులో పోతున్నప్పుడు చూశాను. చెట్టును మొదటి రోజే మిషనుతో కోసేశారు. అక్క మాత్రం నా ముందే వీధిలోకి పోయి, మా తమ్ముడు పార్కువాళ్ళనే వంచినాడని ఇంటింటికీ చెప్పి వచ్చింది.

ఆ ఏడాదంతా నేను తిన్నది ఒంటబట్టలేదు. సంతలో సీతాఫలాలు దొరక్కపోవు. కానీ ఆ చెట్టు కాయ తిని పెరిగిన మనిషికి వేరే కాయ ఇచ్చి నమ్మించడం నా వల్ల అయ్యే పని కాదు. శ్రావణం వచ్చాక, పార్కులో గడ్డి కోసే కూలికి పోయే, వరసకు నాకు కోడలయ్యే పిల్ల ఒక కబురు మోసుకొచ్చింది. కొట్టేసిన మోడు చిగిర్చి పొద అయ్యిందట, నాలుగు కాయలు కూడా పట్టాయట, పలకల మీద నీడ పడుతుందని వారంలోగా పెరికేయమన్నారట. నువ్వే కోసుకు రామ్మా అని బతిమాలాను. గేటు దగ్గర సంచులు విప్పి చూస్తారు మామా, ఆకు దొరికినా నా పని పోతుంది అంది పాపం. ఇక నేనే పోవాలి.

కంచె కింద వంకనీళ్ళు పారే సందు నాకు తెలుసు. భయమల్లా కరెంటుది. పలకల కింద మట్టిలో కూడా కరెంటు పారుతుందని మా ఊళ్ళో అప్పట్లో గట్టిగా చెప్పుకునేవాళ్ళు, ఎండ ఎక్కేకొద్దీ దాని బలం ఎక్కువవుతుందని కూడా. కావలివాళ్ళు అన్నానికి పోయేది మాత్రం నడినెత్తిన ఎండ ఉండగానే. నలభై ఏళ్ళు వాన కోసం మబ్బును పిలిచినవాణ్ణి, ఆ రోజు కరెంటు తగ్గాలని పిలిచాను. పిలుపు అందలేదు. ఇనుమూ వెండీ ఏదీ ఒంటి మీద ఉండకూడదని వెండి మొలతాడు విప్పాను, దానికున్న ఇంటి తాళంచెవి తీశాను, గొడుగు వదిలేశాను, మనవడి రబ్బరు బూట్లలో కాళ్ళు ఇరికించాను. చివరికి కళ్ళజోడుకూ ఉక్కు కమ్ములు ఉన్నాయని గుర్తొచ్చి అదీ తీసి తుమ్మకొమ్మకు తగిలించాను. అంత తెలివైన పని నా జన్మలో ఇంకోటి చేయలేదు.

లోపలికి దూరాక అన్నీ ఒకే తీరు. నీలం వరుస, దాని వెనక నీలం వరుస, మధ్యలో ఒకే వెడల్పు బాట. ఎక్కడ బండరాయి నాగలికి తగిలేదో, ఎక్కడ తేమ నిలిచేదో కళ్ళు మూసుకుని చెప్పగలిగిన చేను అది, ఆ చేలో నేను దారి తప్పాను. వచ్చిన దిక్కు తెలియలేదు, పోవలసిన దిక్కు తెలియలేదు. ఎక్కడో జుయ్యిమని ఒకటే మోత, అది యంత్రమో పాము బుసో తేల్చుకోలేక అడుగు తీసి అడుగు వేయడం మానేశాను. తల తిప్పితే ఎదురుగా ఒక మనిషి నన్నే చూస్తూ నిలబడి ఉన్నాడు. చేతులు జోడించి, సామీ, నేను దొంగను కాను, మా అక్క కోసం వచ్చినాను అని చెప్పుకున్నాను. అతనూ చేతులు జోడించాడు. అద్దంలాంటి పలకలో నా నీడేనని తెలిసేసరికి బట్ట తడిసినంత పనైంది. అంత పనైంది అని ఎందుకు, తడిసింది.

అప్పుడు వెనక నుంచి నిజం మనిషి పిలిచాడు. "ఎవురప్పా నువ్వు, ఈడ ఏం పని?" అన్నాడు కావలాయన. నడివయసు మనిషి, చేతిలో టిఫిను డబ్బా. తల ఎత్తి, నేను ఈ భూమి ఖాతాదారును అన్నాను.

"నేనూ ఖాతాదారునే పెద్దప్పా. మంగళవాడ దిక్కు చేను, ఈ కంచె లోపలే ఉండాది. దానికి జీతం తీసుకొని నేనే కావలి కాస్తా ఉండా."

నాకు ఏడుపొచ్చింది, దాచలేదు. అక్క సంగతంతా చెప్పాను. అతను నా రెక్క పట్టుకుని, తీగలు దాటేచోట ఇక్కడ కాలు ఎత్తు, ఇక్కడ పక్కకు రా అంటూ మోడు దగ్గరికి తీసుకుపోయాడు. మట్టిలో కరెంటు ఉండదు పెద్దప్పా అని దారిలో రెండుసార్లు చెప్పాడు, నేను నమ్మినట్టు తల ఊపి కాళ్ళు ఎత్తెత్తి వేస్తూనే ఉన్నాను. కాయలన్నీ తానే కోసి నా కండువాలో మూటగట్టి, ఒక్కటి మాత్రం పక్కన పెట్టుకున్నాడు. తనకూ ఒక చెల్లెలు ఉందట.

పండగ నాడు చేటలో ఆ పండ్లు పెట్టుకుని అక్క ముందు కూర్చుని, మహారాణి చెట్టు గురించి మొదలుపెట్టబోయాను. అక్క ఒక పండు చేతిలో తిప్పి చూసింది.

"ఇది మోడు చిగురు కాయరా అబ్బీ. చెట్టు కొట్టేసినారని పోయినేడు పండక్కి నువ్వు రాకముందే ఊర్లు తిరిగే గాజులాయన చెప్పినాడు నాకు."

నేను తల వంచుకుని అన్నీ ఒప్పుకున్నాను, ఇంజనీరు, కంచె, కళ్ళజోడు, తడిసిన బట్ట దాకా. తెలిసి కూడా వీధంతా ఎందుకు చాటినావక్కా అని అడిగాను.

"చాటితే రాక తప్పదు గదా నీకు. బూమి పాయె, చెట్టు పాయె, ఏం తేవల్లో తెలీక నువ్వు రావడమే మానేస్తావని బయమైంది నాకు" అంది. "వచ్చే ఏడు ఒట్టి చేట తీసుకొని రా. రావడం మాత్రం మానొద్దు" అంది.

మరుసటి ఏడు మోడును వేళ్ళతో సహా తవ్వేశారు. నేను ఒట్టి చేట పట్టుకుని బస్సెక్కాను. పండగ పూట ఒట్టి చేటతో పోతున్న ముసలాణ్ణి బస్సంతా వింతగా చూసింది, ఒకావిడ నా పక్క నుంచి లేచి వేరే సీటుకు పోయింది. అక్క దాన్ని అందుకుని గౌరి ముందు పెట్టి పూజ చేసుకుంది, సాయంత్రం నేను బయలుదేరేటప్పుడు తన పెరటి అలసందలూ, రాగులూ, రెండు పొట్లకాయలూ నింపి నా చేతికిచ్చింది. అప్పటి నుంచి అదే జరుగుతోంది. పుట్టింటి నుంచి చేట ఒట్టిగా పోతుంది, అత్తింటి నుంచి నిండుగా వస్తుంది.

ఇప్పుడు పండగలకు సామాను తనంతట తానే ఇళ్ళకు చేరుతోంది, దాన్ని మోసుకుపోయే చుట్టం అక్కరలేదు, కాబట్టి ఏ గుమ్మంలోనూ ఎవరూ ఎదురుచూస్తూ కనిపించరు. మా అక్క ఒక్కతే చూస్తుంది. ఆమెకు కళ్ళు మసకబారాయి, నాకు మోకాళ్ళు పట్టుకున్నాయి, బస్టాండు నుంచి ఆమె వీధికి నడవడానికి చాలాసేపు పడుతుంది. ఆ వీధి మలుపు దగ్గర ప్రతి ఏడూ ఆగుతాను. అలసటకు ఆగాననే అందరికీ చెబుతాను. కాదు. మలుపు తిరిగితే ఆమె గుమ్మం కనిపిస్తుంది, అక్కడ ఆమె కూర్చుని ఉంటుందో లేదో తెలిసిపోతుంది. తిరగడానికి భయం.