కంచం కడగొద్దు

మొన్న మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో, వనభోజనాలకు ఆలస్యంగా వచ్చిన ఒకాయనను ఆటపట్టించడానికి ఎవరో ఒక పాత సినిమా స్టిక్కర్ పెట్టారు. కళ్ళనిండా నీళ్ళతో ఒక ఆడమనిషి ముఖం, దాని కింద 'కంచం కడగొద్దు, ఇక అది కుక్కకే' అన్న మాట. గ్రూపంతా పడీ పడీ నవ్వింది. ఆ సినిమాలో ఆ మాట పెట్టింది తన మామగారేనని మా కోడలు గొప్పగా చెప్పేసరికి నాకు అభినందనలు కూడా వచ్చాయి. ఆ ముఖం ఎవరిదని ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

మాదాపూర్ వైపు బండలు పగలగొట్టి అద్దాల మేడలు కడుతున్న రోజులు మీలో నా వయసువాళ్ళకు గుర్తుండే ఉంటాయి. అప్పుడు నేను ఫిల్మ్ నగర్‌లో ఒక మాటల రచయిత దగ్గర సహాయకుణ్ణి. ప్రతినాయకుడి మాటలు రాయడంలో మా గురువుగారిది పెద్ద పేరు, ఆయనకొక పద్ధతి ఉండేది. రోజూ పొద్దున కథాచర్చకు కూర్చోగానే మా ముగ్గురు సహాయకుల్లో ప్రతి ఒక్కరం, ఎవరో ఎవరినో నిజంగా అనగా విన్న ఒక కఠినమైన మాట తెచ్చి ఒప్పజెప్పాలి. సినిమాలో విన్నది పనికిరాదు, సొంతంగా అల్లితే ఇట్టే పట్టేసేవారు. దౌర్జన్యం, దాష్టీకం, వివక్ష అనేవి పక్కన నిలబడి చూసేవాళ్ళ మాటలనీ, చేసేవాడు ఎప్పుడూ మామూలు మాటే వాడతాడనీ, మనకు కావలసింది అదేననీ ఆయన చెబుతుంటే నాకు అదొక వేదాంతంలా వినిపించేది. అందుకని రేషన్ దుకాణాల వరుసల్లో, ఆసుపత్రి గుమ్మాల్లో, ఎవరు ఎవరిని కసురుకుంటున్నా చెవులు రిక్కించి నిలబడి, మరిచిపోకుండా అరచేతి మీద రాసుకునేవాణ్ణి. తిట్లు తిన్నవాళ్ళ ముఖం వైపు చూసిన గుర్తు లేదు. సిగ్గులేని పని, కానీ అదే చదువనుకున్నాను.

కృష్ణానగర్‌లో నా పక్కగదిలో ఒక అక్క ఉండేది. జూనియర్ ఆర్టిస్టు, పెళ్ళి సీన్లలోనో సంత సీన్లలోనో గుంపులో ఒకరిగా కనపడేది. గోదావరి జిల్లా నుంచి ఒంటరిగా వచ్చిన నేను జ్వరంతో పడి ఉంటే గంజి కాచి పోసిన మనిషి. ఒక రోజు వరండా కుళాయి దగ్గర గిన్నెలు కడుక్కుంటూ, తల్లికి కూడా చెప్పుకోని సంగతి ఒకటి నాకు చెప్పింది. భర్త వదిలేస్తే తోడబుట్టినవాడే దిక్కని తమ్ముడింటికి వెళ్ళిందట. మూడోనాడు అన్నం తిని లేస్తుంటే మరదలు నవ్వు ముఖంతో, నెమ్మదిగా, "కంచం కడగకు వదినె, ఇగ అది కుక్కకే" అందట. తమ్ముడు విననట్టే చెయ్యి కడుక్కున్నాడట.

ఆ వారం నేను వరసగా రెండు రోజులు ఉత్త చేతులతో వెళ్ళాను. మూడోరోజూ ఇలాగే వస్తే ఇక రానక్కర్లేదన్నారు గురువుగారు. మూడోరోజు ఆ మాట తీసుకెళ్ళి ఇచ్చేశాను. ఆయన కళ్ళు మూసుకుని రెండుసార్లు చెప్పించుకుని, నాకోసం పెసరట్టు తెప్పించారు. ఈ మాట పడిందెవరని దర్శకుడు అడిగితే ఆ ఉత్సాహంలో అదీ చెప్పాను. అయితే ఆమెనే పెట్టండి, నటన నేర్పే పని తప్పుతుందన్నాడాయన.

తనకు క్లోజప్ దొరికిందని అక్క సందంతా చెప్పుకుని, ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని వచ్చింది. ఆ చీర మార్పించి చిరిగినది కట్టించారు. ఎదుటి నటుడు ఏమంటాడో ఆమెకు ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు, మాటల కాగితాలున్న అట్ట పట్టుకుని కెమెరా పక్కనే నిలబడ్డాను. ఆయన ఆ మాట అనగానే అక్క ఆయన వైపు చూడలేదు, నా వైపు చూసింది. అద్భుతంగా వచ్చిందన్న దర్శకుడు, సేఫ్టీకి ఇంకో టేక్ చేద్దామన్నాడు. రెండోసారి కూడా ఆమె ఆ మాట పడింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

సాయంత్రం బస్టాపులో నా దగ్గరకు వచ్చి, "తమ్మీ, గా మాట నీకు చెప్పుకున్న. ఊరికి గాదు" అని మాత్రం అని బస్సెక్కింది. వారం తిరక్కుండా గది ఖాళీ చేసి బోరబండ వెళ్ళిపోయింది. నాకు తెర మీద పేరు పడింది. హాల్లో ఆ మాటకు ఈలలు పడ్డాయి, సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళు క్యాంటీన్లలో ఒకరినొకరు అనుకుని నవ్వుకున్నారు.

అప్పట్లో సినిమా అంటే నాలుగు వారాలు ఆడి వెళ్ళిపోయేది, దానితోపాటు మనం చేసిందీ వెళ్ళిపోయిందనుకుని బతికేవాళ్ళం. ఇప్పుడు ఏదీ వెళ్ళదు. ఆమె బతికి ఉంటే, బోరబండలో ఆమె ఇరుగుపొరుగువాళ్ళ ఫోన్లలోకి కూడా ఆ ముఖం ఈపాటికి వచ్చే ఉంటుంది. స్టిక్కర్‌లో అక్క చూపు కాస్త పక్కకు ఉంటుంది. అటు పక్కన నిలబడిందెవరో ఆ గ్రూపులో నాకొక్కడికే తెలుసు. అభినందనలు చెప్పిన వాళ్ళందరికీ ఆ పూట చేతులు జోడించిన బొమ్మ పంపాను.