మామగారి పక్కన గాలం వేసి

ఆ ఆదివారం ఉదయం నేను చర్చికి బయల్దేరి తలుపుకు తాళం వేస్తుంటే మా మామగారు గేటు ముందు బండి ఆపారు. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆయన నాతో ఒక్క మాట మాట్లాడి ఎరగరు. మాది ప్రార్థనలకు వెళ్లే కుటుంబం, వాళ్లది తోటపల్లి గూడూరు వైపు వరి పండించే ఇల్లు. కొడుకు నన్ను రిజిస్టరు పెళ్లి చేసుకున్నాడని తెలిసిన రోజు ఆయన కేకలు వేయలేదట. పొలానికి వెళ్లి నీళ్లు పారకుండా మడవ కట్టుకుని వచ్చి, అన్నం తిని పడుకున్నారట. ఆ తర్వాత కొడుకుతో మామూలుగానే ఉన్నారు. నా సంగతి మాత్రం ఎత్తరు.

అలాంటి మనిషి ముత్తుకూరులో మా అద్దె ఇంటి ముందు, బండికి రెండు వెదురు గాలాలు కట్టుకుని నిలబడి ఉన్నారు. ఇంజను కూడా ఆపలేదు.

"గాలం వేసేది వచ్చంట గదా నీకు?" అన్నారు.

చిన్నప్పుడు మా తాత వెంట కాలవ గట్లన్నీ తిరిగి చేపలు పట్టానని అత్తమ్మకు ఒకసారి ఫోన్లో చెప్పాను. మామగారు పొలంలో ఉన్న వేళ చూసుకుని ఆమె నాతో మాట్లాడేది.

"వచ్చు మామయ్యా."

"ఎర్రలు తవ్వకొచ్చినా. ఎక్కు."

లోపలికి రమ్మనాలో, కాఫీ తాగమనాలో, ఇవాళ ఆరాధన ఉందని చెప్పాలో నాకు తోచలేదు. పోర్టులో షిఫ్టులో ఉన్న మా ఆయనకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. బైబిలు సంచి భుజాన అలాగే ఉంచుకుని, తెల్లచీర కుచ్చిళ్లు దగ్గరికి పట్టుకుని బండెక్కాను. దారి పొడవునా రొయ్యల గుంటల్లో గాలి ఆడించే మోటారు చక్రాలు నీళ్లు చిమ్ముతున్నాయి. ఎందుకు తీసుకెళ్తున్నారో అడిగితే బండి వెనక్కి తిప్పేస్తారేమోనని నేను అడగలేదు.

వాళ్ల ఊరి చెరువు గట్టు మీద తుమ్మచెట్టు నీడ చూసుకుని కూర్చున్నాం. ఆయన ఒక గాలం నా వైపు తోసి, కొంచెం ఎడంగా జరిగి కూర్చున్నారు. డబ్బాలోని వానపాముల్లోంచి ఒక ఎర్రను గుచ్చి నీళ్లలో వేశాను. చేతులు మర్చిపోలేదు. కాసేపటికే అరచేతంత జిలేబి చేప పడింది, ఆ వెంటనే ఇంకొకటి. ఆయన చూసీ చూడనట్టు ఊరుకున్నారు.

గట్టు మీద సైకిలు తోసుకుంటూ పోతున్న ఒకాయన ఆగాడు. "ఎవరన్నా ఈ అమ్మాయి?"

మామగారు నీళ్ల మీది నుంచి చూపు తిప్పకుండా, "చేపలు పట్టేదానికొచ్చింది" అన్నారు.

సైకిలాయన తలూపి వెళ్లిపోయాడు. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. కోడలని చెప్పలేదు. కాదనీ చెప్పలేదు.

కాసేపయ్యాక, "బెండు కదిలిందా?" అని అడిగారు. నీళ్ల మీద తేలే ఆయన గాలపు బెండు ఆయన ముందే ఉంది. నన్ను పరీక్షిస్తున్నారనుకుని "లేదు మామయ్యా" అన్నాను. మళ్లీ కాసేపటికి అదే ప్రశ్న. మూడోసారి అడిగేలోపే బెండు గబుక్కున మునిగింది, ఆయన కదల్లేదు. "మామయ్యా, మునిగింది, లాగండి!" అని అరిచాను. కర్ర పైకెత్తితే మోచేతి పొడవు కొర్రమీను గట్టు మీద పడి ఎగిరింది.

మధ్యాహ్నం దాన్ని సంచిలో వేసి నాకే ఇచ్చి, మా గేటు దగ్గర దించి వెళ్లిపోయారు.

సాయంత్రం మా ఆయన వంటింట్లో ఆ చేపను చూసి గడప దగ్గరే నిలబడిపోయాడు. సంగతంతా విని, "నాయనకు రెండు కళ్లకూ పొర వచ్చినాది. ఆపరేషన్ చేయించుకోమంటే వినడు. బెండు కనపడక నిన్ను పిలుచుకోని పోయినట్టుండాడు" అన్నాడు.

ఆ మాటతో నా సంతోషం సగం చల్లారింది. కళ్లు కావాల్సి వచ్చి పిలిచారన్న మాట. అయినా, ఊళ్లో బెండు చూసి చెప్పేవాళ్లే లేరా? ఇంత దూరం బండి తోలుకుని, అదీ కళ్లు సరిగా కనపడకుండా, నా దగ్గరికే ఎందుకు రావాలి? పులుసులో మామిడికాయ ముక్కలు వేస్తూ ఆలోచించాను. రాత్రి పడుకునీ ఆలోచించాను. తెగలేదు.

ఆ తర్వాత కూడా ఆయన అప్పుడప్పుడూ వస్తూనే ఉన్నారు. వచ్చిన రోజున నేను సాయంత్రం ఆరాధనకు వెళ్లేదాన్ని. చివరికి కొడుకు పోరు పడలేక నెల్లూరులో ఆపరేషన్ చేయించుకున్నారు. ఇక నాతో పనిలేదు, రారు అనుకున్నాను. నల్లకళ్లద్దాలు తీసేసిన వారమే మళ్లీ గేటు ముందు బండి ఆగింది.

సరేలే, మనసు మారిందనుకున్నాను. అంతలో మా ఆడబిడ్డ కూతురికి చెవులు కుట్టించే వేడుక వచ్చింది. అత్తమ్మ పిలిస్తే మొదటిసారి ఆ ఇంట్లో అడుగుపెట్టాను. మామగారు ఎదురుగా వచ్చారు. నేను నవ్వబోయాను. ఆయన నా పక్కనుంచి, అక్కడ స్తంభం ఉన్నట్టుగా తప్పుకుని వెళ్లిపోయారు. భోజనాల దగ్గర నా వరుసకు సాంబారు వడ్డించాల్సి వస్తే బకెట్టు ఇంకొకరి చేతికి ఇచ్చారు. ఇప్పుడు ఆయనకు కళ్లు బాగానే కనపడుతున్నాయి.

తర్వాతి ఆదివారం ఏమీ జరగనట్టే వచ్చారు. వెళ్లకూడదనుకున్నాను, వెళ్లాను. గట్టు మీద కూర్చున్నాక ఉండబట్టలేక అడిగేశాను.

"ఆ రోజు ఇంట్లో నన్ను చూడనట్టే పోయినారే మామయ్యా?"

ఆయన చాలాసేపు దారం చిక్కు తీసుకుంటూ ఉన్నారు.

"ఆడ ఏం మాట్లాడాల్నో నాకు తెలీదు. ఈడైతే చేపలుండాయి గదా" అన్నారు.

అదేం జవాబో నాకిప్పటికీ అర్థం కాలేదు. అప్పుడు మాత్రం, అర్థమైనట్టు తలూపాను.

ఎండాకాలంలో చెరువు అడుగంటితే, "కండలేరు డ్యాం కాడికి పోదామా?" అన్నారు. తెల్లారకముందే బస్సెక్కి, మధ్యలో ఇంకో బస్సు మారి వెళ్లాం. అంత నీళ్లు ఒక్కచోట ఉండటం నేను అప్పుడే చూశాను. అవతలి ఒడ్డున కొండలు నీలంగా ఉన్నాయి. చాలాసేపు ఒక్క చేపా ముట్టలేదు. మామగారు తలకింద తువ్వాలు పెట్టుకుని రాళ్ల మీదే నిద్రపోయారు. రెండు గాలాలూ నేనే చూస్తున్నాను.

ఆయన బెండు మునిగింది.

లేపాలా, నేనే లాగాలా? లేపేలోపు చేప పోతే ఏమంటారు? ఆయన గాలం నేను పట్టుకుంటే ఏమనుకుంటారు? ఆలోచిస్తుండగానే కర్ర నీళ్లలోకి జారిపోతుంటే రెండు చేతులా పట్టుకున్నాను. చేయి లాగేసేంత బరువు. నీళ్లలోనుంచి బొచ్చె చేప తెల్లటి పొట్ట ఒక్కసారి పైకి మెరిసింది.

"మామయ్యా!" అని అరిచాను.

ఆయన ఉలిక్కిపడి లేచి పంచె తడవడం చూసుకోకుండా నీళ్లలోకి దిగారు. "వదలొద్దు మే! వదలొద్దు! మెల్లిగా, మెల్లిగా!" ఆయన దారం పట్టుకుంటే నేను కర్ర పట్టుకుని వెనక్కి లాగాను. చేప ఒడ్డుకు వచ్చినట్టే వచ్చి ఒక్క ఊపు ఊపింది. దారం తెగింది. నేను వెనక్కి పడ్డాను.

నడుముల్లోతు నీళ్లలో నిలబడి ఆయన నన్నే చూస్తున్నారు. "ముందే లేపుండకూడదా?" అన్నారు కోపంగా. అంతలోనే, "దెబ్బ తగిలినాదా?" అన్నారు. నేను ఏదో చెప్పేలోపే అటు తిరిగి ఒడ్డెక్కి పంచె పిండుకున్నారు.

తిరుగు బస్సులో నా పక్క సీటు ఖాళీగానే ఉంది. ఆయన ముందుకు వెళ్లి డ్రైవరు వెనక కూర్చున్నారు. నాకు మోచెయ్యి మండుతోంది. ఇంటికెళ్లాక మా ఆయన, "ఏమంటాడు నాయన?" అని తప్పకుండా అడుగుతాడు. ఏం చెప్పాలా అని దారంతా వెతుక్కున్నాను. మా ఆయన అడిగినప్పుడు, "చేప పోయింది" అని మాత్రం చెప్పాను.