ఖాళీ చర్చి నుంచి వచ్చిన పొరుగాయన

మా పక్క ఫ్లాట్ పెద్దాయన గత మంగళవారం ఆస్పత్రిలో కన్నుమూశారు. కబురు తెచ్చింది మా అమ్మాయే. లిఫ్ట్ దగ్గర ఎవరో చెప్పారట. స్కూల్ బ్యాగ్ దించకుండా గుమ్మంలోనే నిలబడి ఏడ్చింది.

ఆయన హాలెండ్‌లో పాస్టర్‌గా పనిచేశారు. ప్రార్థనకు వచ్చేవాళ్ళు తగ్గి తగ్గి, చివరికి ఆ చర్చిని అమ్మేశారు. అందులో ఇప్పుడు సైకిళ్ళ దుకాణం ఉందనేవారు. తర్వాత భార్య పుట్టిన సింగపూర్ వచ్చి బుకిట్ బటోక్‌లో స్థిరపడ్డారు. కంప్యూటర్ ఉద్యోగాలకు మనవాళ్ళు వరసగా దిగుతున్న ఆ రోజుల్లో మేం ఆ బ్లాక్‌లో చేరేసరికి ఆవిడ అప్పటికే పోయారు.

శనివారాలు మా అమ్మాయిని పిలిచి, వాళ్ళ దేశపు తియ్యటి అట్లు పోసిపెట్టేవారు.

"ఏవండీ, ఆయన పాస్టరంట. ఊరికే అట్లు పెడతారా?" అంది మా ఆవిడ.

నాకూ అదే అనుమానం. అక్కడ మూసిన చర్చిని ఇక్కడ మా పిల్లతో తెరుస్తారేమోనని.

ఆయనకు నాకన్నా అనుమానాలెక్కువ. "మీ దేశాల్లో జనం చర్చికెళ్ళడం ఎందుకు మానేశారు అంకుల్? సైన్సు వల్లా?" అని ఒకసారి అడిగాను.

"అందరూ అదే అంటారు, నాకు నమ్మకం లేదు. మా అమ్మ సైన్సు చదవలేదు. యుద్ధంలో ఆకలికి మా తమ్ముడు పోయాక మానేసింది."

"మరి డబ్బొచ్చా?"

"డబ్బొచ్చింది. ముసలివాళ్ళని ప్రభుత్వం చూసుకుంది. ఆదివారానికి వేరే సరదాలొచ్చాయి. అన్నీ కొంత నిజమే. కానీ అవి చెప్పుకుంటే మా తప్పు కనబడదు. అందుకే నాకు అనుమానం."

ఆ తప్పేమిటో ఆ రోజు చెప్పలేదు.

కొన్నాళ్ళకు అమ్మాయి, ఇక్కడి బడిపిల్లల ఇంగ్లీషు కలిపి, గుడికి రానంది. "వై మస్ట్ గో, నాన్నా? దేవుడు మన ఫ్లాట్‌లో లేడా?"

ఇది ఆయన నేర్పిందేనని విసవిసా వెళ్ళి తలుపు కొట్టాను. "మా పిల్లకేం చెబుతున్నారు, అంకుల్?"

"నన్నూ అదే అడిగింది. మీ నాన్ననే అడగమన్నాను," అన్నారు. ఆ రోజు చెప్పని తప్పు అప్పుడు చెప్పారు. "మా చర్చి పిల్లలు ఇలాంటివి అడిగితే నోరు మూయించేవాళ్ళం. నేనూ మూయించాను. వాళ్ళెవరూ దేవుడితో పోట్లాడలేదు. పెద్దయ్యాక ఊరికే రావడం మానేశారు. మీ గుడి ఇప్పుడు కిటకిటలాడుతోంది కదా? మాదీ అలాగే ఉండేది."

ఇది కూడా ఒక రకం మతబోధేనేమో అని చాన్నాళ్ళు అనుకున్నాను. ఆ అనుమానం ఇప్పటికీ పూర్తిగా తీరలేదు. కానీ ఆ సాయంత్రం అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని, నాకూ తెలియదని మొదటిసారి చెప్పాను. ఆ మాట నా చేత అనిపించింది ఆయనే.

ఆయన అంత్యక్రియల రోజు దహనశాల హాల్లో పదిమందిమి కూడా లేము. కుర్ర పాస్టర్ ఒకతను ప్రార్థన పుస్తకం గబగబా చదువుతూ, ఆయన ఇప్పుడు ప్రభువు సన్నిధిలో ఉన్నారన్నాడు.

మా అమ్మాయి లేచి నిలబడింది. "హౌ యూ నో, ఆ?"

అందరూ తిరిగి చూశారు. మా ఆవిడ దాని గౌను పట్టుకుని లాగింది. నేను ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపాను.

పాస్టర్ పుస్తకం మూశాడు. వేదిక మెట్టు దిగి వచ్చి అమ్మాయి పక్క కుర్చీలో కూర్చున్నాడు. "నాకూ తెలియదమ్మా," అన్నాడు. ఇద్దరూ ఆ శవపేటిక వైపు చూస్తూ కూర్చున్నారు.