జ్ఞానానందం గారు చెప్పని ముగింపు

రేపల్లె బస్టాండులో కంట్రోలరుగా పనిచేసి పదవీ విరమణ చేసిన జ్ఞానానందం గారికి ఆస్తి అని చెప్పదగినది ఒక్క కంఠస్వరమే. మైకు ముందు కూర్చుండి "బాపట్ల వెళ్ళవలసిన ప్రయాణికులు దయచేసి గమనించగలరు" అని ఆయన పలికితే, బాపట్లతో ఏ పనీ లేనివారు సైతం తలయెత్తి చూసేవారు. తండ్రి నగరం మండలంలోని ఒక పల్లెలో పొలం పనులు చేసినవాడు. లూథరన్ మిషన్ బడిలో చదువుకున్న కుమారుడు అక్షరాన్ని అన్నంతో సమానంగా చూసుకున్నాడు. బస్సుకూ బస్సుకూ నడుమ దొరికిన కొద్దిపాటి తీరికలో, బల్ల క్రింద పుస్తకం తెరచి పెట్టుకొని, ఎన్నో నవలలు ముగించాడు.

ఆ ఉద్యోగంలో ఆయన తనకు తానే విధించుకున్న నియమం ఒకటున్నది. బండి ప్లాట్‌ఫారం మీదికి వచ్చి నిలిచేదాకా దాని పేరు మైకులో పలకరాదు. కొలువులో చేరిన క్రొత్తలో జనం తొందర చూడలేక, ఇంకా దారిలోనే ఉన్న బాపట్ల బస్సును వచ్చినట్లే పిలిచాడు. ఆ మాట నమ్మి ఒక ముసలావిడ, బాపట్ల మీదుగా చీరాల పోయే మరో బస్సులో దొరికిన సీటు విడిచి దిగింది. పిలిచిన బస్సు నడిదారిలో చెడిపోయింది. ఆవిడ ప్రొద్దుగూకేవరకు మూట మీద కూర్చుండి, పల్లెత్తు మాట అనకుండా ఆయన గది వంక చూస్తూ ఉండిపోయింది. ఆ చూపే నియమమైంది.

విరమణ తరువాత ఆయనకు ఏమీ తోచకపోవడం గమనించి, తెనాలిలో కళాశాల అధ్యాపకురాలు, ఆయనను బాబాయ్ వరసతో పిలిచే స్నేహలత వాట్సాప్‌లో తాను నడుపుతున్న పుస్తకప్రియుల బృందంలో చేర్చుకున్నది. దాని పేరు 'నాలుగు పుటలు'. వేమూరు నుండి ఈపురుపాలెం దాకా, మగ్గం నేసేవారు, గుమాస్తాలు, గృహిణులు అందులో ఉన్నారు. ప్రతి ఆదివారం ఒక పాత నవల నుండి నాలుగు పుటలు చదివి, ఫోనులో రికార్డు చేసి పంపడం, దానికి ముందు బృందపు వార్తలూ రాబోయే కార్యక్రమాలూ ప్రకటించడం జ్ఞానానందం గారి వంతు.

చర్చి నుండి రాగానే ఆయన తెల్లచొక్కా విడవకుండానే ఫోను ముందు కూర్చునేవాడు. భార్య రాజమ్మ ఫ్యాను ఆపి, కుక్కరు దించి, వీధి తలుపు మూసేది.

"దేవుడి వాక్యానికైనా ఇంత నిశ్శబ్దం పాటించలేదు మనింట్లో," అని ఆమె ఎత్తిపొడుపు.

"వాక్యం చర్చిలో అయ్యగారు చదువుతారు. ఇది నేను చదవాలి," అని ఆయన సమాధానం.

ఆ చైత్రంలో చదువుతున్నది ఒక పడవవాని కథ. తుఫానుకు ముందు సముద్రం మీదికి పోయినవాడు ఇంకా తిరిగి రాలేదు. భార్య ప్రతి సాయంకాలం గంజి కాచి, రేవు గట్టున దీపం పెట్టి, ఎదురుచూస్తుంది. కథ చివరి పుటలకు చేరింది. ఆ ఆదివారం జ్ఞానానందం గారు వార్తలలో ఈపురుపాలెం నేతపనివారు ఇద్దరు క్రొత్తగా చేరిన సంగతి చెప్పి, కార్యక్రమాలలో రెండు ప్రకటించాడు: వచ్చే ఆదివారం నవల ముగింపు, ఈస్టరు వెళ్ళిన తరువాత తెనాలిలో స్నేహలత ఇంటి మేడపై సభ్యులందరి మొదటి ముఖాముఖి సమావేశం.

మర్నాడు బాపట్ల నుండి చంద్రకళ ఫోను చేసింది. అంగన్‌వాడీలో పిల్లలకు అక్షరాలు దిద్దించిన మనిషి. బృందంలో మొదటినుండీ ఉన్నది. ఆయనకు ముఖం ఎరుగని చెల్లెలు వంటిది.

"అన్నయ్యగారూ, ఒక్క మాట చెప్పండి. ఆ పడవ తిరిగొచ్చిద్దా, రాదా?"

జ్ఞానానందం గారు నవ్వాడు. "బండి ప్లాట్‌ఫారం మీదికి రాకుండా పిలిచే అలవాటు లేదమ్మా నాకు. ఆదివారం వినండి."

"నాకొక్కదానికే చెప్పండి. గ్రూపులో ఎవరికీ చెప్పన్లెండి."

"ఒకరికి చెబితే మైకులో చెప్పినట్టే."

"ఆదివారం దాకా ఉండాలిగా మరి."

"ఎక్కడికి పోతారు? మీ సీటు మీకుంటుంది. కర్చీఫ్ వేసి ఉంచాను."

అవతల ఆమె నవ్వినది. నవ్వు దగ్గుగా మారి చాలాసేపు తెగలేదు. "సరేనండి అన్నయ్యగారూ, వింటాను," అన్నది. ఎండాకాలం దగ్గులే అనుకొని ఆయన ఫోను పెట్టివేశాడు.

శుక్రవారం ఉదయం స్నేహలత మాట్లాడింది. "బాబాయ్ గారూ, చంద్రకళ గారు పోయారండి. ఏడాదిగా ఊపిరితిత్తుల జబ్బంట. మనలో ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడే వాళ్ళ చెల్లెలు చెప్పింది."

జ్ఞానానందం గారు ఫోను బల్ల మీద ఉంచి, దానినే చూస్తూ కూర్చున్నాడు. రాజమ్మ వచ్చి అడిగితే జరిగినదంతా చెప్పాడు. సోమవారం నాటి సంభాషణ ఒక్క పొల్లు పోకుండా చెప్పాడు.

"మీకు తెలియదు కదండీ," అన్నది రాజమ్మ.

"దగ్గు విన్నాను," అన్నాడు ఆయన. ఆ పూట అన్నం ముట్టలేదు.

శనివారం నవలను సంచిలో పెట్టుకొని బాపట్ల బస్సెక్కాడు. తాను ఇన్నేళ్ళు పిలిచిన బస్సే. చెరుకుపల్లి దాటిన తరువాత పొలాల మీద నుండి ఉప్పుగాలి తగిలేవరకు పుస్తకం తెరవలేదు. తెరచి చివరి పుటలు మరల చదువుకున్నాడు. ఎన్నిమార్లు చదివినా అందులో పడవ రాదు. భార్య వల అమ్మివేసి, దీపంలో మిగిలిన నూనెను ప్రక్కింటి బాలింతకు ఇచ్చి, తలుపు వేసుకుంటుంది. అంతే.

సూర్యలంక దారిలో ఆ ఇల్లు. వాకిట ఎండుచేపల గంపలు బోర్లించి ఉన్నాయి. చంద్రకళ చెల్లెలు తులసి ఎదురువచ్చి, ఆయన పలకరింపు వినగానే, పేరు చెప్పకముందే గుర్తుపట్టింది.

"గొంతు వింటానే తెలిసిందండి అన్నయ్యగారూ. మా ఇంటో ఆదివారమైతే మీ గొంతే. అక్క పడుకొని ఫోను దిండు మీద పెట్టుకునేది. నేను చేపలు ఏరుకుంటా వినేదాన్ని. నాకు చదవటం రాదు."

మంచినీళ్ళు ఇచ్చి, తాను గడపమీద కూర్చున్నది. తనంతట తానే చెప్పసాగింది. అక్కచెల్లెళ్ళ నాయన పెద్ద గాలివానకు ముందు చేపల వేటకు పోయినవాడు. అక్కకు అప్పటికి ఊహ తెలుసు. తులసి మాత్రం తల్లి చంకలోని పిల్ల. పడవ పలకైనా ఒడ్డుకు రాలేదు.

"అందుకే అక్కకి ఈ కతంటే అంత ఇదండి. మొన్న మీకు ఫోను చేశాక నవ్వింది. 'అన్నయ్యగారు గట్టోడే, ముందు చెప్పడంట. పోనీ నేనే చెబుతా ఇను' అని, ముగింపు తనే చెప్పింది."

"ఏం చెప్పారమ్మా?"

"పడవొచ్చిద్దంటండి. ఆ మొగోడు ఒడ్డున దిగి, ఏడవటం గిడవటం ఏమీ లేదు, 'గంజి చల్లారిపోయిందేందే' అని పెళ్ళాం మీద కేకలేస్తాడంట. అదీ కేకలేసిద్దంట. మా అమ్మా నాయనా అట్టాగే అరుచుకునేవాళ్ళంట." తులసి నవ్వబోయి కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. కొంచెం తేరుకొని ఆయన ముఖంలోకి చూసి అడిగింది: "అక్క చెప్పినట్టే ఉంటదా అండి?"

'ఆదివారం వినండి' అన్న మాట అలవాటుగా నాలుక చివరికి వచ్చింది. జ్ఞానానందం గారు దానిని మ్రింగివేశాడు. అవునని అనవచ్చు, ఒక రాత్రి గడిస్తే తన గొంతే ఆ అబద్ధాన్ని బయటపెడుతుంది. రాని బస్సు రాదని తెలిసిన తరువాత, ఆ మాటా మైకులో చెప్పి తీరవలసినదే.

"లేదమ్మా. రాదు," అన్నాడు.

"అట్టాగా," అన్నది తులసి. గంప ఈనెను గోటితో గీకింది. "అయితే మీరు అక్కకి చెప్పకపోవటమే మంచిదయిందిలెండి."

ఆమె ఓదార్పుగానే అన్నది. ఆయనకు అది ఓదార్పు కాలేదు. చంద్రకళ పడవ రాదని వినడానికే అడిగిందేమో. వినగలిగిన మనిషేనేమో. జీవితమంతా రాని పడవను ఎరిగిన మనిషి, మరొకరి నోట ఆ ఒక్క మాట విని, ఊపిరి వదులుకోవాలనుకున్నదేమో. ఏది నిజమో ఇక ఎవరినీ అడగడానికి లేదు.

లేవబోతుండగా తులసి అన్నది: "అన్నయ్యగారూ, రేపు పుస్తకంలో ఉన్నది చదవండి. అక్క చెప్పింది కూడా చెబుతారా? ఆమె మాట నలుగురూ ఇన్నట్టుంటది."

ఆయన తల ఊపి, తెనాలి సమావేశానికి ఆమెను రమ్మన్నాడు.

ఆదివారం రాజమ్మ ఫ్యాను ఆపి, తలుపు మూసి, ఆ రోజు ఎత్తిపొడవక, పీట వేసుకొని ప్రక్కనే కూర్చున్నది. జ్ఞానానందం గారు మొదట వార్త చెప్పాడు: బాపట్ల సభ్యురాలు శ్రీమతి చంద్రకళ గారు మృతి చెందారు. తరువాత కార్యక్రమాలు: తెనాలి సమావేశం అనుకున్న విధంగానే జరుగుతుంది, చంద్రకళ గారి చెల్లెలు తులసి గారు వస్తారు, ఇకమీదట చదవలేనివారు, ఆగలేనివారు ఎవరైనా ముగింపు ముందుగా అడిగితే, కారణం అడగకుండా చెప్పబడుతుంది.

ఆపై చివరి పుటలు చదివాడు. వల అమ్ముడుపోయింది. నూనె ప్రక్కింటికి వెళ్ళింది. తలుపు మూసుకున్నది. ఎక్కడా తొట్రుపడలేదు.

పుస్తకం మూసి కళ్ళజోడు తీసి దానిమీద పెట్టాడు. చంద్రకళ గారు చెప్పిన ముగింపుకు ఎదుట కాగితం లేదు. ఫోను మీద రికార్డింగు ఎర్రచుక్క వెలుగుతూనే ఉన్నది. తన ఉద్యోగకాలంలో ప్లాట్‌ఫారం మీద లేని బండిని రెండవసారి పిలవని మనిషి, మైకు ముందు కూర్చున్నట్లే నిటారుగా కూర్చుండి, ప్రతి అక్షరం విడివిడిగా పలికాడు.

"పడవ వచ్చినది."

రాజమ్మ చెయ్యి చాచి ఆయన మోకాలిమీద వేసింది. ఆయన గంజి చల్లారిన మాట చెప్పడానికి కొంత వ్యవధి పట్టింది. ఆ వ్యవధిని ఆయన తరువాత చెరిపివేయలేదు. నిశ్శబ్దంతో సహా అలాగే పంపించాడు.